బాబాయి నీళ్ళలో ఉన్న మధ్యాహ్నం

మొన్న ఉదయం పప్పుకి పోపు వేస్తుండగా మా అమ్మాయి మేఘన దగ్గర నుంచి ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. మేఘన మా ఊళ్ళోనే, వన్-నార్త్ అనే పేటలో ఒక మందుల పరిశోధన కంపెనీలో పనిచేస్తుంది. స్నేహితురాళ్ళతో కలిసి సెలవులకు ఏవో దీవులకు వెళ్తోంది. ఫొటోలో నీలం నీళ్ళ మీద ఒక చిన్న తెల్ల విమానం, చక్రాలకు బదులు దాని కింద సన్నని పడవల్లాంటి రెండు ఫ్లోట్లు. "అమ్మా, రిసార్ట్‌కి సీప్లేన్‌లోనే వెళ్ళాలంట. సో క్యూట్ లా!" అని రాసింది. చూస్తూ చూస్తూ ఆవాలు మాడ్చేశాను. పొయ్యి ఆపి, కిటికీ తెరిచి, పొగంతా పోయేదాకా ఆ ఫొటో పట్టుకునే నిలబడ్డాను. చివరికి "జాగ్రత్తగా వెళ్ళి రా" అని మాత్రం జవాబిచ్చాను. తన చిన్నతాత ఒక కాలు ఈడ్చి నడిచేవాడని మేఘనకి గుర్తుంది. షిప్‌యార్డులో ఏదో దెబ్బ తగిలిందని దాని నమ్మకం. అది అలా అనుకున్నప్పుడు మేమెవరమూ కాదనలేదు. మా ఇంట్లో ఆ సంగతి మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం. మానేశామే గానీ, ఆ మధ్యాహ్నం మమ్మల్ని వదిలి ఎక్కడికీ పోలేదు.

అప్పట్లో మేముండే సెంబవాంగ్‌కి, ఈ దీవి ఉత్తరపు కొసకి, రైలు లేదు. మేముండే వరస ఇళ్ళు నౌకాస్థావరం పనివాళ్ళ కోసం బ్రిటిష్ వాళ్ళు కట్టినవి. గాలి నీళ్ళ వైపు నుంచి వీస్తే బురద వాసన, షిప్‌యార్డు వైపు నుంచి వీస్తే రంగు వాసన, కాలిన ఇనుము వాసన. సైరను కూసిందంటే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు, తిన్నా తినకపోయినా. మామ్మ, అంటే నాన్న తల్లి, అందరికన్నా ముందు లేచి వాకిట్లో సిమెంటు మీద నీళ్ళు చల్లి, నాలుగు ముగ్గు గీతలు గీసి, కిరసనాయిలు స్టవ్ వెలిగించేది. ఎండు నెత్తళ్ళు వేగుతున్న వాసనకి మాకు మెలకువ వచ్చేది. ఆమె శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున పుట్టింది. పెళ్ళయిన కొత్తలోనే తాతతో ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. ఆ ఓడలో పక్కన పడుకున్న ఒక బాలింత చనిపోతే దుప్పట్లో చుట్టి నీళ్ళలోకి జార్చేశారట. అప్పటి నుంచి మామ్మ సముద్రం వంక చూడటం మానేసింది. మా వీధి మలుపు తిరిగితే జలసంధి కనపడేది. అక్కడికి రాగానే ఆమె కొంగు ఆ వైపు చెంప మీదికి లాక్కుని, ముఖం తిప్పుకుని నడిచేది. పక్కనున్న మేమేదైనా చూపించబోతే, "నాకేటీ సూపించొద్దు" అనేది.

మా బాబాయి సూర్యం నాన్న కన్నా చాలా చిన్నవాడు. అతనూ షిప్‌యార్డులోనే, ఇంజిన్ల సెక్షన్లో పని. ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, ఓవర్‌టైం సంపాదనంతా అక్కడే పోసి, విమానం నడపడం నేర్చుకున్నాడు. భారీ మనిషి, మెత్తని గొంతు. అతనికొక అలవాటుండేది. చప్పుడు చేసే వస్తువు ఏది కనపడినా దాని మీద అరచెయ్యి ఆనించి, తల వంచి వినేవాడు. బస్సెక్కితే సీటు ముందున్న రేకు మీద చెయ్యి పెట్టి, "ఇది దగ్గుతోందే సరూ" అని నాతో అనేవాడు. పిన్ని పేరు రత్నం. జలసంధి అవతల, ఇంకా పైన పేరాక్ వైపు కొబ్బరి తోటల్లో స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్ల. తెలుగెంత వచ్చో మలయ్ కూడా ఆమెకు అంతే వచ్చు. "ఈయన ఫ్రిజ్జు నాడి చూస్తాడు గానీ నా నాడి ఎప్పుడూ చూడడు" అని నవ్వేది. వాళ్ళకు పిల్లలు లేరు. నేను బడి నుంచి వచ్చి బట్టలు మార్చుకునేది మా ఇంట్లో, అన్నం తినేది వాళ్ళింట్లో.

ఆ విమానం బాబాయిది కాదు, టాన్ తౌకేది. తౌకే అంటే ఆసామి. కలప వ్యాపారం చేసే టాన్‌ని అందరూ అలాగే పిలిచేవాళ్ళు. జలసంధి అవతలి జొహోర్ తూర్పు తీరంలో ఒక చిన్న దీవిలో ఆయనకు చెక్క ఇల్లుంది. అక్కడికి పోయి రావడానికి ఎక్కడి నుంచో పాత విమానం తెప్పించుకున్నాడు. ఆదివారాలు బాబాయి దాన్ని నడిపేవాడు. శనివారం మధ్యాహ్నాలు నేను బాబాయితో కలిసి జలసంధి ఒడ్డున దాన్ని కట్టేసిన షెడ్డుకు వెళ్ళేదాన్ని. ఫ్లోట్ల మీద చిన్న రబ్బరు మూతలుండేవి. వాటిని తీసి, చేతి పంపుతో లోపల చేరిన నీళ్ళు తోడెయ్యాలి. అది నా పని. మొదట్లో నాలుగు గుటకలు వచ్చేవి. రానురాను పంపు ఎంతసేపు కొట్టినా నీళ్ళు వస్తూనే ఉండేవి. "బాబాయ్, ఇవాళ ఎక్కువున్నాయి" అంటే, "నీళ్ళ మీద కూర్చునేది కాస్త నీళ్ళు తాగదా?" అనేవాడు. పిన్ని మాత్రం ఆ మాటకు నవ్వేది కాదు.

ఆ ఏడు తాత సంవత్సరీకం సోమవారం వచ్చింది. తాతకు ఇష్టమైనవన్నీ వండి, కొత్త పంచె పెట్టి, ఫొటో ముందు ఆకు వెయ్యడం మా ఇంట్లో పెద్ద పండగ కన్నా ముఖ్యం. ముందురోజు ఆదివారం తెల్లవారగానే తౌకేని దీవిలో దింపి సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు బాబాయి. విమానంలో చోటుంది కాబట్టి పిన్నినీ నన్నూ రమ్మన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఆదివారం మేం బయల్దేరే వేళకి మామ్మ వాకిట్లో కూర్చుని అల్లం చెక్కు తీస్తోంది. తలెత్తకుండానే అంది: "ఏటి నానా, రేపు మీ బాబుకి పెట్టుకుంతుంటే ఇయాల ఆ ఇనప తూనీగెక్కాలా?"

"సందేళ మాకాన్ టైముకి, అన్నానికి, నీ ముందుంటాను కదమ్మా."

"ఉండకపోతే నాను ముద్ద ముట్టను. సెప్పేసినాను."

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. వీధి మలుపు దాకా మాతో నడిచి వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు.

దీవిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయి విమానం ముక్కు కింద దూరి ఏదో తుడవడం చూశాను. గుడ్డ నల్లగా అయింది. తుడిచిన చోటే మళ్ళీ తడి మెరిసింది. ఇంకోసారి తుడిచి, డబ్బాతో నూనె పోసి, కొలిచే పుల్ల ముంచి తీసి చూసుకున్నాడు. తౌకే చెక్క వంతెన మీదికి వచ్చి నిలబడ్డాడు. "సూర్యా, ఈ పూటకి ఇక్కడే ఉండిపో లా. రేపు మెకానిక్‌ని పడవలో రప్పిస్తాను" అన్నాడు. పడమటి వైపు ఆకాశం పొయ్యిలో బూడిద రంగులో ఉంది. బాబాయి ఆ వైపు చూసి, పిన్ని వైపు చూశాడు. "అమ్మ ముద్ద ముట్టదు" అన్నాడు. తర్వాత ఇంజిను రేకు మీద అరచెయ్యి ఆనించి, "ఇంటి దాకా వస్తుంది" అన్నాడు. మాతో అన్నాడో, తనతో అనుకున్నాడో, ఆ ఇనుముతో అన్నాడో నాకు తెలియలేదు.

పైకి లేచాక కొంతసేపు ఏమీ కాలేదు. కింద సముద్రం, కుడివైపు దూరంగా పచ్చని గీతలా తీరం. నేను వెనక సీట్లో ఉన్నాను. ముందు అద్దం మీద ఆవగింజంత నల్ల చుక్క కనిపించింది. పురుగు కాబోలనుకున్నాను. దాని పక్కన ఇంకొకటి. కాసేపటికి ఆ చుక్కలు దారాల్లా సాగి అద్దం పైకి పాకాయి. ఖాళీ ఇనప మూకుడు మాడుతున్న వాసన వచ్చింది. బాబాయి ఒక గడియారం లాంటి అద్దాన్ని వేలితో తట్టాడు. మళ్ళీ తట్టాడు. అందులో ముల్లు లేవలేదు.

"ఏమండీ, వాసనేమిటి?" పిన్ని అరిచింది. ఆ విమానంలో మాట్లాడాలంటే అరవాల్సిందే.

"ఏం లేదు. కూర్చో."

కానీ అతను తీరం వైపు తిప్పాడు. తిప్పుతూ, ఎడమచెయ్యి ముందున్న పలక మీద ఆనించి తల వంచాడు. బస్సులో, ఇంట్లో ఎన్నోసార్లు చూసిన భంగిమ. ఆ వంగిన మెడ చూడగానే నేను ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. ఇంజిను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మొదలైంది. సీటు, తలుపు, నా పళ్ళు, అన్నీ అదిరాయి. చివరికొక పెద్ద దెబ్బ. తర్వాత ఏమీ లేదు. అప్పటిదాకా కనపడకుండా తిరిగిన పంఖా రెక్క మా ముందు ఒక కట్టె ముక్కలా నిలువుగా నిలబడింది. గాలి ఈల. నా గాజుల చప్పుడు. అప్పుడు బాబాయి మాట్లాడాడు. అరవాల్సిన పని లేదు కాబట్టి ఇంట్లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు. నాకు అన్నిటికన్నా దానికే ఎక్కువ భయం వేసింది.

"రత్నం, తలుపు తీసి, మూసుకుపోకుండా నీ చెప్పు అడ్డం పెట్టు. సరూ, సీటు మీది దిండు తీసి మొహానికి అదుముకో. నేను చెప్పేదాకా బెల్టు విప్పొద్దు."

పిన్ని చెప్పు తీసింది. తలుపు సందులో దూర్చింది. పైనుంచి చూస్తే నలిగిన బట్టలా ఉన్న సముద్రం దగ్గరవుతున్న కొద్దీ గోడలుగా లేచింది. బాబాయి ఆ గోడలకు ఎదురుగా పోకుండా, రెండింటి మధ్య పల్లం వెంబడి విమానాన్ని దించాడు. దిండు వెనక నాకు చీకటి. ఒక దెబ్బకు ఎగిరాం. రెండో దెబ్బకు ఎడమ పక్కన ఏదో విరిగింది. చల్లని నీళ్ళు మోకాళ్ళ మీద పడ్డాయి. "ఇప్పుడు!" అన్నాడు బాబాయి.

ఎడమ ఫ్లోటు చీలిపోయింది. ఆ వైపు రెక్క నీళ్ళలో ముంచుకుని విమానం పక్కకు ఒరిగింది. మేం ముగ్గురం కుడి ఫ్లోటు మీదికి పాకాం. అది అరటిదుంగంత వెడల్పు కూడా లేదు. ముగ్గురం ఎక్కేసరికి దాని వెనక భాగం నీళ్ళలోకి దిగిపోయింది. బాబాయి మమ్మల్నొకసారి చూశాడు, ఆ మునిగిన కొసనొకసారి చూశాడు. నీళ్ళలోకి జారాడు. ఫ్లోటు కొస పైకి తేలింది. అతను ఇనప కమ్మీ పట్టుకుని మెడ దాకా నీళ్ళలో ఉండి, "పంపు సీటు కింద ఉంది, సరూ. నీ శనివారం పని చెయ్యి" అన్నాడు. నేను దాన్ని లాగి తెచ్చి, మూత తీసి పంపు కొట్టడం మొదలుపెట్టాను. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఆపితే ఆ ఇనుము మా కింద నుంచి మెల్లగా జారిపోవడం తెలుస్తూనే ఉండేది.

పడమటి బూడిద రంగు దగ్గరికి వచ్చింది. అలలకు ఎత్తు పెరిగింది. తీరం మాత్రం దగ్గర కాలేదు. ప్రవాహం మమ్మల్ని బయటి సముద్రం వైపు లాగుతోందని నాకు అర్థమవుతోంది, ఎవరూ చెప్పకపోయినా. బాబాయి మాట్లాడుతూనే ఉన్నాడు. రేపటి వంటలు చెప్పించాడు నా చేత. గారెలు, నెత్తళ్ళ ఇగురు, పులుసు, పరమాన్నం. మధ్యలో ఆగి, "కాళ్ళకేదో దారం చుట్టుకున్నట్టుంది" అన్నాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని కమ్మీకి నుదురు ఆనించాడు. నీళ్ళలో పాలలా తెల్లగా, గంట ఆకారంలో ఒకటి కదిలింది. దాని వెనక పొడుగాటి పోగులు. జెల్లీ చేపలు. ఒకటి కాదు. పిన్ని మలయ్‌లో ఏదో అంది. భయం వేస్తే ఆమెకు ఆ భాషే వచ్చేది. బాబాయి అరవలేదు. అతని వేళ్ళు మాత్రం కమ్మీ మీద ఒక్కొక్కటే వదులవడం చూశాను.

"పరమాన్నం... తర్వాత?" అన్నాడు. నాలుక మడతపడింది.

పిన్ని లేచి నిలబడి, ఊగుతున్న ఆ ఫ్లోటు మీదే, కట్టుకున్న నైలెక్స్ చీర విప్పింది. ఒక కొస అతని చంకల కింద నుంచి తిప్పి, కమ్మీకి ముళ్ళ మీద ముళ్ళు వేసింది. రెండో కొస తన నడుముకు బిగించుకుంది. లంగా జాకెట్టుతో బోర్లా పడుకుని అతని జుట్టు పిడికిట పట్టి తల నీళ్ళ పైన ఉంచింది. వాళ్ళిద్దరూ ఏదో గొణుక్కుంటూ ఉన్నారు. పంపు చప్పుడులో నాకు వినపడలేదు. కొంతసేపటికి ఆమె గొంతొక్కటే వినపడింది. అప్పుడు నేను పంపు కొడుతూనే ఏడవడం మొదలుపెట్టాను.

పొద్దు వాలే వేళకు, వానకు ముందే ఇంటికి పోతున్న ఒక చేపల పడవ కనిపించింది. పిన్ని "తొలోంగ్! తొలోంగ్!" అని అరిచింది, కాపాడండని. ఆ గొంతు ఒక మనిషిది అనిపించలేదు నాకు. పడవలో ముసలాయన, ఆయన అల్లుడు. బాబాయిని పైకి లాగేసరికి తొడల నుంచి పాదాల దాకా కొరడాతో కొట్టినట్టు ఎర్రని వాతలు. ఊపిరి ఉందీ లేదన్నట్టుంది. ముసలాయన పిన్ని వైపు చూడకుండా తన చొక్కా విప్పి ఆమె మీద కప్పాడు. మేం ఒడ్డు చేరేలోపే వాన విరుచుకుపడింది. ఆ విమానం మళ్ళీ ఎవరికీ కనపడలేదు. ముసలాయన భార్య బాబాయి కాళ్ళ మీద వెనిగర్ పోసి, పిన్నికి నడుముకు చుట్టుకునే తన సరోంగ్ కట్టింది. వాన తగ్గాక ఆ అల్లుడే ఎవరిదో లారీలో బాబాయిని ఊళ్ళో ఆసుపత్రికి చేర్చాడు. ఫోన్లు పనిచెయ్యలేదు. మా కబురు సెంబవాంగ్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

ఆ మధ్యాహ్నం వరకు ఇంట్లో ఏం జరిగిందో అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. నాన్న రాత్రంతా నీళ్ళ ఒడ్డునే నిలబడి తెల్లవారాక వచ్చాడట. సంవత్సరీకం ఆపుదామన్నాడట. మామ్మ వినలేదు. స్నానం చేసి, వంటంతా తానే చేసింది. అమ్మ తాత ఫొటో ముందు ఆకు వేసింది. నాన్న ఆ ఆకు వంక, ఫొటో వంక చూసి వడ్డించలేక గరిటె పట్టుకుని నిలబడిపోయాడట. పోయినవాళ్ళెవరో, ఉన్నవాళ్ళెవరో తెలియని రోజున ఎవరికి పెట్టాలి? అప్పుడు మామ్మ ఇంకో మూడు ఆకులు తెచ్చి, ఫొటో పక్కన కాకుండా ఎదురు గోడ కింద, మేం రోజూ కూర్చునే చోట పరిచింది. "ఈల్లు తినీవోల్లు. ఈల్ల ఆకులు ఇటే. నాను సెప్పీదాకా ఎవులూ తియ్యొద్దు" అంది.

పిన్నీ నేనూ ఇల్లు చేరింది మూడో రోజు. బాబాయి ఇంకా ఆసుపత్రిలోనే. గోడ కింద ఆకులు ఎండి ముడుచుకుపోయాయి. మెతుకులు రాళ్ళయ్యాయి, గారెల చుట్టూ చీమల బారులు. అన్న మాట ప్రకారం మామ్మ అప్పటికీ ముద్ద ముట్టలేదు. లేవలేక స్తంభం పట్టుకుని లేచింది. చేపల కంపు కొడుతున్న సరోంగ్‌తో గుమ్మంలో నిలబడ్డ కోడలి దగ్గరికి వెళ్ళి, ఆమె రెండు చేతులూ తీసుకుని తన కళ్ళకు అద్దుకుంది. ఆ తర్వాత వీధిలో ఒకరిద్దరు ఆడవాళ్ళు, రత్నం మగాళ్ళ ముందు లంగాతో ఉందటగా అని ఆరా తీయబోతే, మామ్మ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

బాబాయి బతికాడు. కుడికాలు పట్టు తప్పింది, మెట్లెక్కితే ఆయాసం. షిప్‌యార్డు స్టోరులో కూర్చునే పనిలోకి మారాడు. విమానం మాటే ఎత్తలేదు. ఇంట్లో ఫ్రిజ్జు ఎంత గోల చేసినా దాని మీద చెయ్యి పెట్టేవాడు కాదు. పిన్ని అతన్ని కంటికి రెప్పలా చూసుకుంది. కానీ ఉన్నట్టుండి, కూరలో ఉప్పు గురించో గొడుగు గురించో మాట్లాడుతూ, "అన్నీ మీరనుకున్నట్టే జరగాలి కదా" అని గిరుక్కున లోపలికి పోయేది. అతను తలొంచుకునేవాడు. నూనె కారుతోందని తెలిసీ బయల్దేరినందుకు ఆమె క్షమించలేదని నేను అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు మా పిల్లలు ఎక్కడున్నారో ఫోను చెబుతుంది. ఏ స్టేషన్లో దిగారో, ఏ విమానం ఏ సముద్రం మీద ఉందో బొమ్మ గీసి మరీ చూపిస్తుంది. అప్పుడు ఒక పగలూ ఒక రాత్రీ మేం ఈ లోకంలో ఎవరి లెక్కలోనూ లేము. మామ్మ వేసిన మూడు ఆకుల్లో తప్ప. ఏది మేలు అంటే, ఇప్పటిదే మేలని చెబుతాను, సందేహం లేదు. అయినా రోజుకు పదిసార్లు ఆ ఫోను చూసుకునే నాకు, రాని మనుషుల కోసం అన్నం వడ్డించి, దాని ముందు ఆకలితో కూర్చునే గుండె ఉందా అంటే చెప్పలేను.

పోయిన నెల బాబాయి సంవత్సరీకం. పిన్ని ఇప్పుడు సెంబవాంగ్ స్టేషన్ దగ్గర ఫ్లాటులో ఉంటోంది. వంట బయటి నుంచి తెప్పించాం. అరిటాకు దొరక్క పేపరు ప్లేటులో వడ్డించి ఫొటో ముందు పెట్టాం. తినడానికి కూర్చున్నాక ఎందుకో అడిగేశాను. "పిన్నీ, ఆ నూనె సంగతికి బాబాయి మీద నీకింకా కోపమేనా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నూనెకా? నా కళ్ళ ముందే కదే తుడిచారు. నేనూ చూశాను, నేనూ ఎక్కాను. ఆ కోపం నాకెప్పుడూ లేదు."

"మరి?"

"నువ్వు పంపు కొడుతున్నావు, నీకు వినపడలేదు. కాసేపు నేను దిగుతాను, మీరు పైకి రండి అన్నాను. కాలవల్లో ఈదుతూ పెరిగినదాన్ని నేను. ఎన్నిసార్లు బతిమాలానో. వద్దంటే వద్దన్నారు. దిగనిచ్చి ఉంటే ఆ విషం ఇద్దరికీ చెరిసగం వచ్చేది. చెరో కాలూ ఈడ్చుకుంటూ కలిసి నడిచేవాళ్ళం."

ఆమె తన ప్లేటులోని చేప ముక్కకు ముల్లు తీసింది. లేచి వెళ్ళి, దాన్ని ఫొటో ముందున్న ప్లేటులో పెట్టి వచ్చి కూర్చుంది.